పేదలకో కొలబద్ద, ధనికులకో కొలబద్ద

1960 ప్రాంతంలో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రికి వచ్చే పల్లె రోగుల్లో కొందరిని చూడగానే డాక్టర్లకు జబ్బేమిటో తెలిసిపోయేది. ముంజేతుల మీద, పాదాల మీద, బట్ట కప్పని చోటల్లా చర్మం నల్లగా మాడి, పొలుసులు లేచి ఉండేది. మెడ చుట్టూ కంటె వేసినట్టు నల్లటి పట్టీ. నాలుక పుండై, కారం తగిలితే మంట. పైగా విరేచనాలు. ముదిరితే మతి తప్పేది. పిచ్చాసుపత్రిలో చేరినవాళ్ళలోనూ ఈ రోగులు కనిపించేవారు. జబ్బు పేరు పెల్లాగ్రా. వచ్చేవాళ్ళు చాలామటుకు మెట్ట ఊళ్ళ కూలీలు. పొద్దున జొన్న గటక, మాపటికి జొన్న రొట్టె. పప్పు ఎప్పుడో ఒకనాడు. పాలు, మాంసం అంటే పండుగ.

ఈ రోగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన వైద్యుడు డాక్టర్ సి. గోపాలన్. మన దేశంలో పేదరికం మనిషి ఒంట్లోకి ఏ దారిన దిగుతుందో జీవితమంతా పరిశోధించిన మనిషి. ఆయన నడిపిన సంస్థ మన హైదరాబాదు తార్నాకలోనే ఉంది. అయినా ఆయన పేరు మన ఇళ్ళలో పెద్దగా వినపడదు. అందుకే ఈ పూట ఆయన గురించి మాట్లాడదామనుకున్నాను.

గోపాలన్ 1918 నవంబరులో తమిళనాడులోని సేలంలో పుట్టారు. సరిగ్గా అదే ఏడాది నీలగిరి కొండల్లో, కూనూరు పాశ్చర్ సంస్థలోని ఒక గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1950ల చివర్లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. మనిషీ సంస్థా ఒకే ఏడాది పుట్టి, ఇద్దరూ నూరేళ్ళు చూశారు.

మెక్‌కారిసన్ చేసిన ఒక ప్రయోగం అప్పట్లో చాలా పేరు పడింది. ఎలుకలను గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు సిక్కుల తిండి, ఇంకో గుంపుకు పఠాన్ల తిండి, మరో గుంపుకు బెంగాలీల తిండి, వేరొక గుంపుకు మద్రాసీల తిండి పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న తిన్న సిక్కు ఎలుకలు దుక్కల్లా పెరిగాయి. అన్నం తిన్న మద్రాసీ ఎలుకలు అన్నిటికన్నా బక్కచిక్కి అడుగున నిలిచాయి. మద్రాసీ అంటే ఆ రోజుల్లో మనం కూడా వస్తామని గుర్తుంచుకోండి. ఆ ప్రయోగంలో తప్పు పట్టాల్సింది లెక్కలను కాదు. రోజూ పాలూ వెన్నా తినగలిగిన సిక్కు ఎవరు, చారన్నంతో సరిపెట్టుకునే మద్రాసీ ఎవరు అన్న ప్రశ్న అందులో లేదు. పంజాబులోనూ పాలు దొరకని ఇళ్ళున్నాయి, మద్రాసులోనూ నెయ్యి కారే ఇళ్ళున్నాయి. ఎలుకల బోనుల మీద జాతులూ ప్రాంతాలూ రాసి ఉన్నాయి గాని, ఇంటి రాబడి రాసి లేదు.

గోపాలన్ ఆ కూనూరు ప్రయోగశాలలోనే 1940లలో చేరారు. మద్రాసులో వైద్యం చదివి, లండన్‌లో పీహెచ్‌డీ చేసినవారు. ఆయన తొలిరోజుల పరిశోధనల్లో ఒకటి పేద తల్లుల చనుబాల మీద. సగం కడుపుకు తినే తల్లికి పాలు ఎన్ని వస్తాయి, ఎలా ఉంటాయి అని కొలిచారు. పాలు ఫరవాలేదు, నెలల తరబడి వస్తూనే ఉన్నాయి. ఆ ఖర్చంతా భరిస్తున్నది తల్లి ఒళ్ళు. బిడ్డకు పాలు చాలుతున్నాయి కదా అని అధికారులు ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ తల్లి రెండో కాన్పుకు ఎలా తేరుకుంటుందన్నది గోపాలన్ అడిగిన ప్రశ్న.

ఇక పెల్లాగ్రా దగ్గరకు వద్దాం. ఈ జబ్బు అంతకుముందు మొక్కజొన్న మీద బతికే దేశాల్లో తెలుసు. అమెరికా దక్షిణాదిలో 1914 నుంచి జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు దీని వెంట పడ్డాడు. ఇది అంటువ్యాధి అని అందరూ అంటుంటే, కాదు, తిండి జబ్బు అని నిరూపించాడు. సిడెన్‌స్ట్రైకర్ అనే ఆర్థికవేత్తను తోడు తీసుకుని దక్షిణ కరొలినా బట్టల మిల్లుల ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి రాబడి లెక్క రాయించాడు. రాబడి తగ్గిన కొద్దీ పెల్లాగ్రా పెరుగుతున్నట్టు తేలింది. ఒక వైద్యుడు జబ్బు కారణం వెతుక్కుంటూ జీతాల పుస్తకం తెరవడం ఆ కాలానికి చిన్న సాహసం కాదు.

మన దగ్గర చిక్కు వేరు. పెల్లాగ్రా నయాసిన్ అనే విటమిను తక్కువైతే వస్తుంది. ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుంచి మన ఒళ్ళే కొంత నయాసిన్ తయారు చేసుకుంటుంది. మొక్కజొన్నలో ఆ రెండూ సరిగ్గా అందవు. జొన్నలో బియ్యంకన్నా తక్కువేమీ లేవు. మరి అన్నం తినేవాళ్ళకు రాని జబ్బు జొన్న తినేవాళ్ళకెందుకు వస్తోంది? గోపాలన్, ఆయన సహచరుడు శ్రీకంఠయ్య కలిసి 1960లో లాన్సెట్ పత్రికలో ఒక జవాబు ప్రకటించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అవసరానికి మించి ఉంది, అది నయాసిన్ తయారీకి అడ్డు తగులుతోంది అని. కుక్కల మీద ప్రయోగాలు చేసి చూపించారు. తరువాత అన్ని ప్రయోగశాలల్లోనూ అదే ఫలితం రాలేదు, దాని మీద వాదన సాగింది. వాదన ఎటు తేలినా ఒక సంగతి మారదు. అదే జొన్న తింటూ పక్కన పప్పూ, పాలూ, కాస్త మాంసమూ తినే ఆసామికి పెల్లాగ్రా రాలేదు. ఆసామి పొలంలో కూలికి వచ్చినవాడికి వచ్చింది.

ఇప్పుడు ఆ జబ్బు మన ఆసుపత్రుల్లో చాలా అరుదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక, జొన్న ఒక్కటే తిని బతకాల్సిన అగత్యం తగ్గింది. మెట్ట ప్రాంతాల పళ్ళేల్లోకి అన్నం వచ్చింది. పెల్లాగ్రా తగ్గడంలో మందు బిళ్ళల కన్నా రేషన్ షాపు చేసిన మేలే ఎక్కువని నా అభిప్రాయం. చిత్రమేమిటంటే ఇప్పుడు షుగరున్న మధ్యతరగతి ఇళ్ళవాళ్ళు జొన్న పిండిని సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. జొన్న మంచి ధాన్యమే. జొన్న తప్ప ఇంకేమీ లేకపోవడమే చెడ్డది.

గోపాలన్ సంస్థ పగ్గాలు పట్టింది 1960ల మొదట్లో. అప్పుడు ప్రపంచమంతా ప్రొటీన్ జపం చేస్తోంది. పేద దేశాల పిల్లలు ఎందుకు చిక్కిపోతున్నారు? ప్రొటీన్ లేక. ఏం చేయాలి? చేపల పొడి, వేరుశనగ చెక్క పిండి, లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపిన రొట్టె. 1968లో ఐక్యరాజ్యసమితి ప్రొటీన్ సంక్షోభం ముంచుకొస్తోందని నివేదిక వేసింది. మన దేశంలోనూ మోడరన్ బ్రెడ్‌లో లైసిన్ కలిపి అమ్మారు. బ్రెడ్ కొనుక్కోగలిగిన ఇంట్లో పిల్లవాడికి లైసిన్ కరువేమిటో ఆ దేవుడికే తెలియాలి.

అప్పట్లో పాఠం ఇలా ఉండేది. ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బే క్వాషియార్కర్ ప్రొటీన్ తక్కువై వస్తుంది, ఎముకల గూడులా ఎండిపోయే మరాస్మస్ మొత్తం తిండే తక్కువై వస్తుంది. గోపాలన్ బృందం హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లల తిండిని జబ్బు రాకముందు నుంచే చూస్తూ పోయింది. ఏ పిల్లవాడికి ఉబ్బు వచ్చింది, ఏ పిల్లవాడు ఎండిపోయాడు, వాళ్ళేం తినేవారు అని. రెండు రకాల పిల్లల తిండిలోనూ తేడా కనపడలేదు. ఇద్దరూ తినేది ఒకటే, ఇద్దరికీ చాలనిదీ ఒకటే.

దాని తరువాత వచ్చిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం, దాని సాదాతనం కోసం. గోధుమ పిండి, చక్కెర, నూనె కలిపి ఒక తీపి బిళ్ళ చేశారు. 310 కేలరీలు. ప్రొటీన్ మాత్రం మూడు గ్రాములే. ప్రొటీన్ పక్షంవాళ్ళ దృష్టిలో అది పనికిమాలిన తిండి, వట్టి మిఠాయి. పల్లెల్లో ఐదేళ్ళలోపు పిల్లలకు దాన్ని రోజూ పెట్టారు, పద్నాలుగు నెలలపాటు. అది తిన్న పిల్లలు, తినని పిల్లల కన్నా బరువూ పెరిగారు, పొడుగూ పెరిగారు. 1973లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో తినే అన్నం, జొన్న, పప్పులోనే ప్రొటీన్ ఉంది. కడుపు నిండా తినకపోతే ఒళ్ళు ఆ ప్రొటీన్‌ను కూడా పొయ్యిలో కట్టెలా మండించేసుకుంటుంది. కడుపు నిండితే అది పెరుగుదలకు మిగులుతుంది. కొనాల్సింది చేపల పొడి కాదు, ఇంకాస్త తిండి.

అదే సంస్థ నుంచి వచ్చిన హైదరాబాద్ మిక్స్ ఈ ఆలోచనకు తోబుట్టువే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. దంచి ఉండ చేస్తే 330 కేలరీలు, పదకొండు గ్రాముల పైచిలుకు ప్రొటీన్. ఊరి కిరాణా కొట్టులో దొరకని సరుకు ఒక్కటీ లేదు. రెండేళ్ళ పిల్లవాడి పొట్ట ఎంతని? పలచటి జావ నాలుగు గరిటెలు పోస్తే నిండిపోతుంది, గంటకే మళ్ళీ ఆకలి. చిన్న ఉండలో ఎక్కువ బలం ఇమడ్చాలన్నది అందులోని కిటుకు.

ఇక్కడ ఒక విమర్శ చెప్పకపోతే అన్యాయమవుతుంది. అదే సంస్థలో డిప్యూటీ డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న చేసిన విమర్శ అది. ధాన్యమూ పప్పూ కలిపితే ప్రొటీన్ సరిపోతుంది, అసలు లోటు కేలరీలది అని శాస్త్రవేత్తలు చెప్పగానే, సర్కారు అందులోంచి తనకు చవకగా పడేది ఏరుకుంది. పేదలకు బియ్యం ఇస్తే చాలనుకుంది. గుడ్డు, పాలు, మాంసం పేదవాడి పళ్ళెం నుంచి లెక్కలోకే రాకుండా పోయాయి. లెక్కలు వేసినవాళ్ళలో ఎక్కువమంది అగ్రకులాల శాకాహారులు కావడం కూడా దీనికి కారణమని ఆమె మొహమాటం లేకుండా రాశారు. ఆమె మాటలో నిజం ఉందని నాకనిపిస్తుంది. కేలరీ లెక్క ఆకలిని గుర్తించడానికి పుట్టింది, ఆకలిని చవకలో వదిలించుకోవడానికి వాడుకున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అన్నానికి కొదవలేని ఇళ్ళలోనూ ఆడవాళ్ళ రక్తం పలచగానే ఉంది. 2015లో తెలంగాణ ఆరోగ్య లక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు అన్నంతోపాటు గుడ్డూ పాలూ పెట్టడం మొదలైంది. చాలా ఆలస్యంగా వచ్చిన గుడ్డు అది.

గోపాలన్ గారిలో నాకు నచ్చే గుణం ఇంకొకటుంది. తమ సంస్థ చేతిమీదుగా పుట్టిన పథకాన్నయినా ప్రశ్నించేవారు. పిల్లల రేచీకటికి విటమిన్ ఏ ద్రవాన్ని ఆరునెలలకోసారి పెద్ద మోతాదులో తాగించే జాతీయ పథకం 1970లో వచ్చింది. దానికి పునాది హైదరాబాదు పరిశోధనలే. తరువాత అంతర్జాతీయ సంస్థలు ఆ ద్రవమే శిశుమరణాలను కూడా ఆపేస్తుందని ప్రచారం ఎత్తుకున్నప్పుడు ఆయన ఎదురు నిలిచారు. హైదరాబాదు పరిసర గ్రామాల్లో జరిగి 1990లో అచ్చయిన పరిశీలనలో మరణాలు తగ్గలేదు. అదే ఏడాది అచ్చయిన తమిళనాడు పరిశీలనలో సగానికి తగ్గాయి. కాబట్టి ఆ తగువు ఒక పక్షం గెలిచిన తగువేమీ కాదు. మునగాకు, తోటకూర, బొప్పాయి పండే దేశంలో పిల్లవాడి నోట్లో చెంచాడు మందు పోసి చేతులు దులుపుకోవద్దన్నదే ఆయన పట్టు.

1974లో ఆయన భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఢిల్లీ వెళ్ళారు. 1980లో అక్కడే న్యూట్రిషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా స్థాపించి, దాని బులెటిన్‌లో దశాబ్దాలపాటు రాస్తూ వచ్చారు. ఆయన జీవితంలోకెల్లా పెద్ద పోట్లాట జరిగింది ఆ బులెటిన్ పేజీల్లోనే.

1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వాదం తెచ్చాడు. పేద దేశాల పిల్లలు పొట్టిగా ఉన్నారంటే జబ్బుపడ్డారని కాదు, ఉన్న తిండికి తగ్గట్టు ఒళ్ళు సర్దుకుందని అర్థం, మరీ చిక్కిపోయినవాళ్ళను వదిలేస్తే మిగతావాళ్ళు పొట్టివాళ్ళే గాని ఆరోగ్యవంతులే అని. మన దేశంలో ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే కూడా ఒంటికి సర్దుకునే గుణం ఉందని అప్పటికే వాదిస్తున్నారు. ఈ మాట వినడానికి ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి. ఒక్క కలం పోటుతో కోట్లమంది పిల్లలు పోషకాహార లోపం జాబితాలోంచి బయటపడతారు. బడ్జెట్ తయారు చేసేవాళ్ళకు ఇంతకన్నా తీపి కబురు ఉంటుందా?

1983లో గోపాలన్ జవాబు రాశారు. ఆ వ్యాసం పేరులోనే ఆయన కోపమంతా ఉంది: పొట్టిగా ఉంటే ఆరోగ్యమా? పేదలకే, ధనికులకు కాదు! మీ పిల్లవాడు ఆ ఎత్తులో ఆగిపోతే మీరు ఊరుకుంటారా, డాక్టరు దగ్గరకు పరుగెత్తరా అని నిలదీయడమే అందులోని సారం. ఆయన చేతిలో ఆధారాలూ ఉన్నాయి. హైదరాబాదులో కలిగినవాళ్ళ ఇళ్ళ చిన్నపిల్లలను జాతీయ పోషకాహార సంస్థ కొలిచింది. వాళ్ళు అమెరికా పిల్లలకు దీటుగా పెరుగుతున్నారు. నెత్తురొకటే, నేల ఒకటే, రాబడి వేరు.

పొట్టిగా ఉంటే నష్టమేమిటన్న ప్రశ్నకు కూడా ఆ సంస్థవాళ్ళే జవాబు వెతికారు. కె. సత్యనారాయణ, ఆయన సహచరులు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పదిహేను పదహారేళ్ళ కుర్రాళ్ళను పరిశీలించారు. ఆసాముల దగ్గర జీతం ఉండే కుర్రాళ్ళు కొందరు, రోజుకూలీకి పోయేవాళ్ళు కొందరు. చిన్నప్పుడు తిండిలేక పొట్టిగా, బక్కగా మిగిలిపోయినవాళ్ళకు కాయకష్టం చేసే శక్తి తక్కువని తేలింది. ఆసాములకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. కుర్రాడి ఒడ్డూ పొడుగూ చూసి జీతం కుదుర్చుకునేవారు, బక్కవాడికి తక్కువ ఇచ్చేవారు. హైదరాబాదులో ఫ్యూజులు తయారుచేసే ఒక కర్మాగారంలోనూ కార్మికులు రోజుకు ఎంత సరుకు తీస్తున్నారో లెక్కపెడితే, ఒళ్ళున్నవాళ్ళదే పైచేయి. అంటే తండ్రికి కూలి తక్కువ కాబట్టి కొడుకు పొట్టివాడయ్యాడు. పొట్టివాడు కాబట్టి కొడుకుకీ కూలి తక్కువే. అలాంటి ఇంటికి వచ్చే కోడలూ సన్నగా ఉంటే, పుట్టే బిడ్డ బరువు గురించి వేరే చెప్పాలా?

2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల ఎదుగుదలకు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. ఆరు దేశాల్లో తల్లిపాలు తాగి, మంచి వసతుల్లో పెరుగుతున్న పిల్లలను కొలిచి తయారు చేసిన ప్రమాణాలవి. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, వీటితోపాటు మన ఢిల్లీ. ఐదేళ్ళు వచ్చేదాకా ఢిల్లీ పిల్లలు, ఓస్లో పిల్లలు దాదాపు ఒకేలా ఎదిగారు. గోపాలన్ హైదరాబాదులో చూసినదే ప్రపంచం మొత్తం మీద చూశారన్నమాట.

ఆ తరువాత కూడా వాదం చావలేదు. 2013లో అరవింద్ పనగారియా అనే ఆర్థికవేత్త, మన పిల్లలు పుట్టుకతోనే పొట్టివాళ్ళు, ఆ ప్రమాణాలు మనకు నప్పవు అని మళ్ళీ ఎత్తుకున్నారు. దాని మీద పెద్ద చర్చే నడిచింది. నా మటుకు నేను కొన్ని అంకెల దగ్గర ఆగుతాను. 2019-21 సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 35.5 శాతం. తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2. ఇళ్ళను ఆస్తిని బట్టి ఐదు మెట్లుగా పేర్చి చూస్తే, దేశంలో అట్టడుగు మెట్టు మీద 46 శాతం, పై మెట్టు మీద 23 శాతం. పుట్టుకే కారణమైతే మెట్టు మెట్టుకూ ఈ తేడా ఎందుకు రావాలి? పై మెట్టులోనూ 23 ఉందేమిటని అడగవచ్చు. మన సర్వేల్లో పై మెట్టు అంటే కోటీశ్వరులు కాదు. స్కూటరు, ఫ్రిజ్జు, పక్కా ఇల్లు ఉన్నవాళ్ళూ అందులోకే వస్తారు. మురుగు నీళ్ళు, విరేచనాలు, తల్లి రక్తహీనత ఆ ఇళ్ళ గుమ్మం దగ్గర ఆగిపోవు.

గోపాలన్‌కు 1987లో రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చింది, 2003లో పద్మభూషణ్ వచ్చింది. 2019 అక్టోబరులో చెన్నైలో కన్నుమూశారు, నూరేళ్ళు దాటాక. మన అంగన్‌వాడీల్లో ఇవాళ పిల్లల ఎత్తూ బరువూ సరిచూసేది ఆ 2006 నాటి పట్టికతోనే. ధనికుల బిడ్డకొకటి, కూలివాళ్ళ బిడ్డకొకటి అని అందులో రెండు గీతలు లేవు. మీ ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలుంటే, ఈసారి అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు బరువుతో సరిపెట్టకుండా ఎత్తు కూడా కొలవమని, ఆ గీతకు బిడ్డ ఎక్కడున్నదీ చూపించమని టీచరమ్మను అడగండి.